సారీ అని రాసిన చోట

నంద్యాలలో డిగ్రీ చదువుకుంటూ ట్యూషన్లు చెప్పే రోజుల్లో ఒక స్టూడెంట్‌ని మోసం చేశాను. ఆ రోజు పాక్షిక అవకలనాలు చెప్తున్నా. ముందు ఎక్స్‌తో చేసి తర్వాత వైతో చేసినా, ముందు వైతో మొదలుపెట్టినా జవాబు ఒకటేనని బోర్డు మీద రాశాను.

“ఎందుకు సార్?” అంది.

“చేసి చూడు, వస్తుంది.”

చేసింది, వచ్చింది. “వచ్చింది సరే సార్, ప్రతిసారీ ఎందుకు రావాల?”

“అది పరీక్షలో రాదులే” అన్నాను. తల దించుకుని తర్వాతి లెక్కలోకి పోయింది. ఎందుకో నాకూ తెలీదు. తెలీదని మాత్రం చెప్పలేదు. నిజమైన మాటే చెప్తూ కూడా అబద్ధమాడొచ్చా?

12 ఏళ్ల తర్వాత ఆళ్లగడ్డలో మా ఇంట్లో కూర్చుని లీన్‌తో కుస్తీ పడుతుంటే ఈ ప్రశ్న మళ్లీ వచ్చింది. లీన్ అంటే గణిత నిరూపణల్ని అడుగడుగునా సరిచూసే ప్రోగ్రామ్. లియొనార్డో డి మౌరా 2013లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో మొదలుపెట్టాడు. ‘స్పష్టమే’, ‘ఇదేవిధంగా’ లాంటి మాటలు దానికి ఎక్కవు. నేర్చుకోడానికి ఆ పాత సిద్ధాంతాన్నే ఎంచుకున్నా. లీన్ వాళ్ల మ్యాథ్‌లిబ్‌లో అది ముందే ఉంది, పేరు పెట్టి పిలిస్తే ఒక్క లైన్లో పని అయిపోతుంది. అది మళ్లీ “చేసి చూడు, వస్తుంది” అన్నట్టే అనిపించి సొంతంగా మొదలుపెట్టా.

కిటుకు చిన్నదే. ఒక బుల్లి దీర్ఘచతురస్రం గీసి, నాలుగు మూలల్లో ప్రమేయం విలువలు తీసుకోండి. ఒక కర్ణం చివర్లలోవి రెండూ కూడి, రెండో కర్ణానివి తీసెయ్యండి. మీరు ముందు అడ్డంగా నడిచారా, నిలువుగా నడిచారా అన్న సంగతి ఆ సంఖ్యకి పట్టదు. దాన్ని వైశాల్యంతో భాగించి, గడిని కుదించుకుంటూ పోతే రెండు వరసల జవాబులూ అందులోంచే రావాలి.

రావాలి గానీ, తిరకాసు ఇక్కడే ఉంది. ఏ భుజాన్ని ముందు కుదించామన్న దాన్నిబట్టి అవధి మారిపోవచ్చు. ఎక్స్, వైల లబ్ధాన్ని వాటి వర్గాల తేడాతో గుణించి, ఆ వర్గాల మొత్తంతో భాగించండి. మూలబిందువు దగ్గర విలువ సున్నా అనుకోండి. అక్కడ ఒక వరసలో మైనస్ ఒకటి వస్తుంది, ఇంకో వరసలో ప్లస్ ఒకటి! పియానో పేరుతో చెలామణి అయ్యే ఉదాహరణ ఇది. రెండో అవకలనాలు అవిచ్ఛిన్నంగా ఉండాలనో, అలాంటిదే మరొకటో షరతు పెట్టాలి. నేనేమీ పెట్టలేదు. అంటే నేను చెప్పింది, చెప్పినట్టుగా, నిజం కూడా కాదు.

ఈ విషయంలో పెద్దవాళ్లూ తడబడ్డారు. 18వ శతాబ్దంలో ఆయిలర్, క్లేరో దీన్ని నమ్మి వాడుకున్నారు, నిరూపణలూ ఇచ్చారు. అప్పటిదాకా వచ్చిన నిరూపణల్లో లొసుగులున్నాయని 1867లో లిండెలోఫ్ చూపించాడు. 1873లో గానీ ష్వార్ట్జ్ చేతిలో గట్టి నిరూపణ రాలేదు. అయినా వాళ్లతో నన్ను పోల్చుకోలేను. వాళ్లు తప్పు జవాబైనా ఇచ్చారు, నేను ప్రశ్న నోరు మూయించాను.

లీన్‌లో నాకు బాగా నచ్చిన మాట ‘సారీ’. ఏ మెట్టు దగ్గర ఆగిపోతే అక్కడ అది రాసి ముందుకు పోవచ్చు. ఒప్పుకుంటుంది, కానీ కింద పసుపు గీత గీస్తుంది. ఆ ఫలితం మీద ఇంకేం కట్టినా, ఆధారాలు చూపించమంటే ఆ సారీ బయటపడుతుంది. ఇదంతా యంత్రం నిజాయితీ అనను. నేను అనుకున్నది ఒకటీ రాసింది ఇంకొకటీ అయితే, ఆ రాసినదాన్నే శ్రద్ధగా సరిచూసి పెడుతుంది.

“ఏందబ్బీ, రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుంటాండావు?” అన్నాడు మా వీధిలో రాతి విగ్రహాలు చెక్కే చిన్నాయన.

వరస మారినా ఫలితం మారదని రుజువు చేస్తున్నానన్నా.

“మా పనిలో మారుతాది. కండ్లు ఆఖర్న తెరవాల” అని నవ్వాడు.

మధ్యమ మూల్య సిద్ధాంతాన్ని రెండోసారి వాడేచోట నా ఫైల్లో ఇంకా ఒక సారీ ఉంది. ఆ అమ్మాయి నంబరు అప్పటి ట్యూషన్ అక్క దగ్గర దొరికింది. పూర్తయ్యాక పంపుదామని వారం ఆగి, నిన్న రాత్రి అలాగే పంపేశా.