లంకకి చేటు

వెబ్‌సైట్లలో మీ దేశం ఎంచుకోమని అడిగే డ్రాప్‌డౌన్ ఉంటుంది కదా, దాని వెనక సాధారణంగా ఉండేది ఐఎస్ఓ 3166 అనే జాబితా. అందులో ఇండియా నంబరు 356, పిట్‌కెర్న్ నంబరు 612. ఫిలిప్పీన్స్‌కీ పోలండ్‌కీ మధ్య, మనం స్క్రోల్ చేస్తూ చూడకుండా దాటిపోయే పేరది. డేటాబేస్‌కి ఇవి రెండు వరసలు, అంతే. ఒక వరసలో 140 కోట్ల పైచిలుకు జనం ఉన్న సర్వసత్తాక దేశం, ఇంకో వరసలో దక్షిణ పసిఫిక్ మధ్య బ్రిటన్ ఏలుబడిలో ఉన్న ఒక దీవి. ఆ దీవి జనాభా యాభై దగ్గర ఊగిసలాడుతుంటుంది. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అంతకు నాలుగింతల మంది ఉన్నారు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టడం మొదట్లో తమాషాగానే ఉంటుంది. ఇండియా జనాభాని యాభైతో భాగిస్తే 2.8 కోట్లు. అంటే పిట్‌కెర్న్‌లో ఒక మనిషి పడవెక్కి న్యూజిలాండ్ వెళ్ళిపోతే, నిష్పత్తి లెక్కన మన దగ్గర ఒక మోస్తరు రాష్ట్రం ఖాళీ అయిపోయినట్టు. ఇలాంటి లెక్కలు ట్రివియాకి బాగుంటాయి. కానీ 2004లో ఆ దీవిలో జరిగిన ఒక విచారణ గురించి చదివాక ఈ నిష్పత్తి నాకు తమాషాగా అనిపించడం మానేసింది.

దీవి కథ చాలామందికి సినిమాల ద్వారా తెలుసు. 1789లో బౌంటీ అనే బ్రిటిష్ నౌకాదళపు ఓడలో కెప్టెన్ బ్లై మీద కొందరు నావికులు తిరగబడ్డారు. వాళ్ళలో తొమ్మిదిమంది, కొందరు తహితి స్త్రీపురుషుల్ని వెంటబెట్టుకుని, ఎవరికీ దొరక్కూడదని వెతుక్కుంటూ 1790 జనవరిలో పిట్‌కెర్న్ చేరి ఓడని తగలబెట్టేశారు. ఆ స్త్రీలలో అందరూ ఇష్టపడి వచ్చినవాళ్ళు కారు. 1808లో ఒక అమెరికన్ ఓడ అటువైపు వెళ్ళేసరికి, వచ్చిన మగవాళ్ళలో మిగిలింది ఒకే ఒక్కడు. మిగతావాళ్ళలో ఎక్కువమంది ఒకర్నొకరు చంపుకున్నారు. 1935లో క్లార్క్ గేబుల్, 1962లో మార్లన్ బ్రాండో ఆ తిరుగుబాటుదారు ఫ్లెచర్ క్రిస్టియన్ వేషం కట్టారు కనక, ప్రపంచానికి గుర్తున్నది స్వేచ్ఛ కోసం సముద్రాన్ని దాటిన వీరుల కథ. ఇంకో వింత ఏమిటంటే, 1838లోనే ఆ దీవి రాజ్యాంగం ఆడవాళ్ళకి ఓటు హక్కు ఇచ్చింది. అప్పటికి బ్రిటన్‌లో ఆ ఊసే లేదు.

1999లో ఒక బ్రిటిష్ పోలీసు అధికారిణి కొన్నాళ్ళు పనిచేయడానికి అక్కడికి వెళ్ళింది. ఒక పదిహేనేళ్ళ అమ్మాయి విషయం ఆమె దాకా వచ్చింది. అక్కణ్ణించి తీగ లాగితే డొంకంతా కదిలింది. దీవిలో పెరిగి ఎప్పుడో న్యూజిలాండ్‌కీ ఆస్ట్రేలియాకీ వెళ్ళిపోయిన ఆడవాళ్ళు కూడా మాట్లాడారు. కొన్ని ఆరోపణలు దశాబ్దాల నాటివి. 2004 శరత్కాలంలో, 47 మంది ఉన్న దీవి మీద ఏడుగురు మగవాళ్ళని విచారించారు. మొత్తం 55 అభియోగాలు. ఆ ఏడుగురిలో అప్పటి మేయరు కూడా ఉన్నాడు. ఆరుగురు దోషులని తేలింది, నలుగురికి జైలు శిక్ష పడింది. దీవికి అప్పటిదాకా సరైన జైలే లేదు, కొత్తగా కట్టాల్సి వచ్చింది. కట్టిన చేతుల్లో నిందితుల చేతులూ ఉన్నాయి.

నన్ను పట్టుకున్నవి శిక్షలు కావు, వాళ్ళ తరఫున వినిపించిన వాదనలు.

మొదటిది వింటే నవ్వొస్తుంది. 1790లో మా పూర్వీకులు బౌంటీని తగలబెట్టిన రోజే బ్రిటన్‌తో తెగతెంపులు చేసుకున్నారు, కాబట్టి బ్రిటిష్ చట్టం మాకు వర్తించదు అన్నారు. రెండోది, ఆ చట్టాన్ని దీవిలో ఎవరూ ఎప్పుడూ ప్రకటించలేదని. కేసు లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా పోయింది. 2006లో అక్కడా ఓడిపోయారు. ఇలాంటిది నేరమని తెలియనంత అమాయకులు కారు అనేదే తీర్పు సారాంశం. మూడోది కోర్టు బయటి వాదన. విచారణకి ముందు దీవిలోని కొందరు ఆడవాళ్ళే విలేకరులతో, ఇక్కడ పిల్లలు త్వరగా ఎదుగుతారు, ఇది మా పద్ధతి అని చెప్పారు.

నాలుగోదే అసలైనది. పిట్‌కెర్న్‌కి విమానం లేదు, ఓడ కట్టడానికి రేవు లేదు. వచ్చిన ఓడ దూరంగా ఆగుతుంది. పొడవాటి పడవలు వేసుకుని, అలల మీద నుంచి సరుకులు దింపుకురావాలి. దానికి బలమైన మగవాళ్ళు కావాలి. ఆ మగవాళ్ళలో సుమారు మూడో వంతు బోనులో నిలబడ్డారు. వీళ్ళని జైల్లో పెడితే పడవ ఎవరు తోస్తారు? పడవ లేకపోతే దీవి ఉండదు. రెండువందల ఏళ్ళ చరిత్ర, ఇంగ్లీషూ తహితీ కలిసిన ఒక భాష, ఒక జాతి, అన్నీ పోతాయి. కొన్ని పాత ఫిర్యాదుల కోసం ఒక జాతినే తుడిచేస్తారా?

ఈ వాదనని నేను తేలిగ్గా తీసిపారేయను. ఒక సమాజం అంతరించిపోవడం చిన్న నష్టం కాదు. ఇండియాలో ఆరుగురిని జైల్లో పెడితే దేశానికి ఏమీ కాదు, అక్కడ ఆరుగురంటే ఎనిమిదో వంతు జనాభా. అదే నిష్పత్తిలో మన దగ్గరైతే పదిహేడు కోట్ల మంది. ఏ న్యాయమూర్తి చేయి వణకదు?

అయితే లెక్క చూడడం అలవాటైన బుర్రకి ఇక్కడ ఒక తేడా కనిపిస్తుంది. నిష్పత్తిని ఒకవైపే వాడారు. దోషి ఎనిమిదో వంతులో భాగమైతే, ఆ దీవిలో పెరిగిన ఒక్కో ఆడపిల్ల కూడా నలభై ఏడో వంతు. మన కొలతలో ఆమె దాదాపు మూడు కోట్ల మంది. మగవాడికి జైలు పడినప్పుడు జాతికి గాయమయ్యేట్టయితే, ఆ పిల్లకి జరిగినప్పుడు కూడా జాతికి అంతే గాయం కావాలి కదా. కాలేదు. మగవాణ్ణి తూచేటప్పుడు అతను జాతి మొత్తం, పిల్లని తూచేటప్పుడు ఆమె ఒక్కతే. దీవి చిన్నదవడం వల్ల వచ్చిన చిక్కు కాదిది. ఎవరు జాతి, ఎవరు కారు అనేది అప్పటికే ఎవరో తేల్చిపెట్టారు.

చిన్న సమాజం మంచిదని మనకి ఒక నమ్మకం ఉంది. అరిస్టాటిల్ 'నికోమాకియన్ ఎథిక్స్‌'లో పదిమందితో నగరం కాదనీ, లక్షమందైతే అదిక నగరం కాదనీ అంటాడు. 'పాలిటిక్స్‌'లో ఇంకో అడుగు వేసి, న్యాయం సరిగ్గా చెప్పాలంటే పౌరులకి ఒకరి గుణం ఒకరికి తెలిసి ఉండాలంటాడు. పిట్‌కెర్న్‌లో అందరి గుణమూ అందరికీ తెలుసు. ఎవరు ఏం చేస్తున్నారో కూడా తెలుసు. అరిస్టాటిల్ న్యాయానికి ఆధారమనుకున్న ఆ పరిచయమే అక్కడ నోరు నొక్కింది. ఎందుకంటే ఎవరి మీద చెప్పాలి, బావ మీద. ఎవరికి చెప్పాలి, మేయరుకి. రేపు పొద్దున ఎవరి పడవలో వెళ్ళాలి, వాళ్ళదే. 1787లో అమెరికన్ రాజ్యాంగం గురించి వాదిస్తూ జేమ్స్ మాడిసన్ దీనికి తలకిందులుగా ఆలోచించాడు. సమాజం ఎంత చిన్నదైతే ఒక వర్గం కూడబలుక్కుని మిగతావాళ్ళని అణచడం అంత సులువు, పెద్ద దేశంలోనే మనిషికి కాస్త ఊపిరాడుతుంది అన్నాడు. ఆయన మనసులో ఉన్నది ఎక్కువగా ఆస్తిపరుల భయాలే అయినా, ఆ మాట పిట్‌కెర్న్‌కి అతికినట్టు సరిపోతుంది.

మన దగ్గర ఈ వాదన 1948 నవంబరు 4న, రాజ్యాంగ సభలో జరిగింది. గాంధీ కలగన్న గ్రామ స్వరాజ్యం ముసాయిదాలో లేదేమని సభ్యులు నిలదీశారు. అంబేద్కర్ ఆ రోజు గ్రామం గురించి అన్న కటువైన మాటలు అందరికీ గుర్తే. నాకు వాటికన్నా ముఖ్యంగా తోచేది ఆ వెంటనే అన్నది: గ్రామాన్ని పక్కనబెట్టి వ్యక్తిని యూనిట్‌గా తీసుకున్నందుకు తనకి సంతోషమని. యూనిట్ అనే ఆ మాట దగ్గర ఆగాలి. ఇండియా అంటే కొన్ని లక్షల పిట్‌కెర్న్‌లా, లేక కోట్ల మంది మనుషులా? ఒక్కో ఊరూ ఒక్కో దీవి అనుకుంటే, ఆ దీవి లోపల నలిగేవాళ్ళకి దేశం అనేది ఎన్నో మైళ్ళ అవతల కనిపించే ఓడ మాత్రమే. అంబేద్కర్‌కి అది పుస్తకాల్లో చదివిన విషయం కాదు.

ఆ యూనిట్ కాగితం మీద మారింది. ఇళ్ళలో మారిందా అంటే జాతీయ నేర గణాంకాల బ్యూరో నివేదికలు చూడాలి. అత్యాచారం కేసుల్లో నిందితుడు బాధితురాలికి ముందే తెలిసినవాడు కావడం ఏళ్ళ తరబడి 90 శాతం పైనే ఉంటోంది. బంధువు, పొరుగువాడు, స్నేహితుడు, ఉద్యోగమిచ్చినవాడు. అంటే 140 కోట్ల మంది మధ్య ఉన్నా, ఆ పిల్ల నిజంగా బతుకుతున్నది నలభై యాభైమంది ఉన్న దీవిలోనే. ఆ దీవిలోనూ పడవ తోసేవాళ్ళున్నారు. మామయ్య లేకపోతే అక్క పెళ్ళి ఎవరు చేస్తారు? సార్ లేకపోతే కోచింగ్ సెంటర్‌కి ర్యాంకులు ఎవరు తెస్తారు? ఆ హీరో మీద కేసైతే సెట్స్ మీదున్న సినిమా, దాన్ని నమ్ముకున్న మూడొందల కుటుంబాలు ఏమైపోవాలి?

మనకో సామెత ఉంది, ఇంటిగుట్టు లంకకు చేటు అని. లంక అంటే మన భాషలో దీవే. గోదావరి పాయల మధ్య ఉండే ఊళ్ళ పేర్ల చివర కూడా ఆ మాటే. ఆ సామెత చిన్నప్పట్నించీ వింటూ కూడా మనం ఆలోచించని సంగతి ఒకటుంది. లంకకి చేటు తెచ్చింది ఎవరు? సామెత ప్రకారం, గుట్టు బయటపెట్టిన విభీషణుడు. సీతని ఎత్తుకొచ్చిన రావణుడి ఊసు అందులో లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరానికి జవాబు చెప్పాలి. మన తరం వలసవాదం గురించి చదువుకున్న తరం కనక, ఎక్కడో వెల్లింగ్టన్‌లో కూర్చునే బ్రిటిష్ గవర్నరు, యాభైమంది మీదకి ముగ్గురు జడ్జీల్నీ లాయర్లనీ పంపడం మనకి మింగుడుపడదు. ఐక్యరాజ్యసమితి లెక్కలో పిట్‌కెర్న్ ఇంకా స్వపరిపాలన రాని 17 భూభాగాల్లో ఒకటి. సామ్రాజ్యం బుద్ధులు ఎక్కడికి పోతాయి అనొచ్చు. నేను అలా అనలేను. బ్రిటన్ తప్పు ఉంది, కానీ అది రావడంలో కాదు. అన్ని దశాబ్దాలు ఒక పోలీసుని కూడా నిలకడగా ఉంచకుండా, స్టాంపులు అమ్ముకుని బతకండని వదిలేయడంలో ఉంది. బౌంటీని తగలబెట్టాం, మేము వేరే అన్నప్పుడు ఆ 'మేము'లో ఎవరున్నారు? ఓటు హక్కు 1838లోనే వచ్చిన ఆడవాళ్ళు ఉన్నారా? పెద్ద దేశాలు బయటివాళ్ళతో ఇది మా అంతర్గత వ్యవహారం అన్నప్పుడూ నాకు ఇదే అనుమానం వస్తుంది. మణిపూర్ గురించి యూరోపియన్ పార్లమెంటు 2023లో తీర్మానం చేస్తే మన ప్రభుత్వం ఇచ్చిన జవాబూ అదే. యూరప్‌కి మనకి నీతులు చెప్పే అర్హత ఉందా అనేది న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ ప్రశ్న అడిగే హక్కు ముందు ఎవరిదో వాళ్ళు ఆ సమయంలో సహాయ శిబిరాల్లో ఉన్నారు.

పిట్‌కెర్న్ విచారణలో సాక్ష్యం చెప్పిన ఆడవాళ్ళు దీవికి రాలేదు. ఆక్లండ్‌లో ఒక గదిలో కూర్చుని, ఉపగ్రహం మీదుగా, వీడియోలో మాట్లాడారు. మధ్యలో 5,000 కిలోమీటర్ల పైచిలుకు సముద్రం. వాళ్ళు నోరు విప్పడానికి అంత దూరం కావలసొచ్చింది. మన పోక్సో చట్టం 2012లో వచ్చినప్పుడు, సాక్ష్యం చెప్పే బిడ్డకి నిందితుడు కనబడకూడదనీ, తెర గానీ వీడియో గానీ వాడొచ్చనీ రాశారు. తెలిసినవాళ్ళు ఎవరైనా సరే పోలీసులకి చెప్పి తీరాలనీ, దాస్తే ఆరు నెలల దాకా జైలనీ కూడా రాశారు. కోర్టు హాల్లో తెర కట్టడం తేలికే. కోర్టు దాకా రాకముందు, ఆ పిల్ల ఉండేది డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. 1098కి ఫోన్ చేయాలన్నా ఇంట్లో ఉన్న ఫోన్ ఒకటే, అది ఎక్కువసేపు ఉండేది మామయ్య చేతిలో.