ఒక మీటరు, ఒక మిల్లీమీటరు

2001 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లంబాడీలు 20,77,947 మంది. తోటీలు 2,074 మంది. ఈ రెండు అంకెలనూ ఒకే చార్టు మీద కమ్మీ చిత్రంగా గీద్దాం. లంబాడీల కమ్మీ ఒక మీటరు పొడవు ఉంటే, తోటీల కమ్మీ ఒక మిల్లీమీటరు వస్తుంది. తరగతిలో వెనక వరుస పిల్లలకు అది కనిపించనే కనిపించదు.

ఆ చిత్రంలో తప్పేమీ లేదు. అంకెలు ప్రభుత్వం లెక్కగట్టినవే. స్కేలు సరిగ్గానే ఉంది. అయినా, రాజ్ గోండుల వంశకథలను తరతరాలుగా పాడుతూ కాపాడిన ఒక జాతి ఆ గోడ మీద లేకుండా పోయింది. అబద్ధం ఆడని బొమ్మ అన్యాయం చేయగలదా? చేయగలిగితే, దాన్ని గీసినవారి బాధ్యత ఎంతవరకు? ఆదివాసీ యువత, మన పిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయులు తీరికగా ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

ఎందుకంటే ఈ రోజుల్లో మన గురించిన నిర్ణయాలు చాలావరకు మన మాట విని జరగడం లేదు, మన బొమ్మ చూసి జరుగుతున్నాయి. ఏ గూడేనికి రోడ్డు, ఎక్కడ బడి మూయాలి, ఎక్కడ ఆసుపత్రి పెట్టాలి అని తేల్చే సమావేశాల్లో తెర మీద కనిపించేవి రంగుల పటాలూ, గీతలూ, చక్రాలూ. పదిమంది చెప్పే మాట కంటే ఒక గ్రాఫ్ తొందరగా బుర్రకెక్కుతుంది. దాని బలం అదే, ప్రమాదమూ అదే. అంకెలను బొమ్మగా మార్చే ఈ విద్యను డేటా విజువలైజేషన్ అంటున్నారు. పేరు కొత్తగా ఉన్నా పని మనకు తెలిసినదే: కంటికి కనిపించని లెక్కను పొడవుగానో, వైశాల్యంగానో, రంగుగానో, చుక్కగానో కంటి ముందు పెట్టడం.

దీనిలో మొదటి నీతి సున్నా దగ్గర మొదలవుతుంది. 2011 జనగణనలో దేశం మొత్తం మీద అక్షరాస్యత 73 శాతం, షెడ్యూల్డు తెగల్లో 59 శాతం. సున్నా నుంచి గీస్తే ఒక కమ్మీ 7.3 సెంటీమీటర్లు, రెండోది 5.9 సెంటీమీటర్లు. అదే స్కేలును 55 దగ్గర మొదలుపెడితే కమ్మీలు 18కి 4గా మారతాయి. ఒకటి రెండోదానికి నాలుగున్నర రెట్లు కనిపిస్తుంది. కొన్ని కంప్యూటర్ ప్రోగ్రాములు ఎవరూ అడగకుండానే ఇలా సున్నాను వదిలేస్తాయి. వైశాల్యంతోనూ ఇదే చిక్కు. రెట్టింపు అని చూపడానికి వృత్తం వ్యాసాన్ని రెట్టింపు చేస్తే, కంటికి అది నాలుగు రెట్లుగా కనిపిస్తుంది.

ఇక్కడ మనకే ఒక ఆశ పుడుతుంది. వెనుకబాటు పెద్దదిగా కనిపిస్తే అధికారులు కదులుతారు కదా, మన మంచి కోసమే కదా, 55 దగ్గర మొదలుపెడితే తప్పేమిటి? తప్పే. 14 శాతం తేడా దానికదే పెద్ద గాయం, దానికి అబద్ధపు కట్టు అక్కర్లేదు. పైగా ఒకసారి స్కేలు పట్టుబడితే, ఆ తర్వాత మనం నిజం గీసినా ఎవరూ నమ్మరు. బలవంతుడి అబద్ధం బయటపడితే అతనికి కొంత నష్టం. బలహీనుడి అబద్ధం బయటపడితే అతని గొంతే పోతుంది.

ఇదే అక్షరాస్యతను ఇంకోలా గీసేవారూ ఉంటారు. షెడ్యూల్డు తెగల గీతను ఒక్కదాన్నే గీసి, 2001లో 47.1 నుంచి 2011లో 59కి పైకి ఎక్కుతున్నట్టు చూపిస్తారు. అది నిజమే. కానీ పక్కన మొత్తం జనాభా గీత 64.8 నుంచి 73కి ఎక్కింది. పదేళ్లలో రెండు గీతల మధ్య దూరం 17.7 నుంచి 14కే తగ్గింది. ఒక గీత ఉంటే అది పొగడ్త, రెండు గీతలు ఉంటే ఆలోచన. కాబట్టి ఏ బొమ్మ ముందైనా మనం అడగవలసిన ప్రశ్న: దీని పక్కన ఉండవలసినది ఏమిటి, అది ఎందుకు లేదు?

సగటు కూడా ఇలాంటిదే. పాడేరు కొండలు చాలా ఏళ్లు విశాఖపట్నం జిల్లాలో ఉన్నాయి. జిల్లాను ఒక యూనిట్‌గా తీసుకుని ఒకే రంగు పూస్తే, ఓడరేవు, ఉక్కు కర్మాగారం ఉన్న నగరమూ, డోలీ మీద గర్భిణిని మోసుకొచ్చే గూడెమూ ఒకే రంగులో కలిసిపోయేవి. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. ఆ రోజు కొండ మీద ఎవరి బతుకూ మారలేదు. కానీ జిల్లాల పటంలో ఆ కొండలకు సొంత రంగు వచ్చింది. పటం మీది రంగు మన జీవితం నుంచి ఎంత పుడుతుందో, ఎవరో గీసిన సరిహద్దు నుంచీ అంతే పుడుతుంది.

మరి చిన్నవారు పెద్దవారి పక్కన కనిపించేదెలా? ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. 1900లో పారిస్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగింది. అమెరికాలో బానిసత్వం చట్టరీత్యా రద్దయి అప్పటికి 35 ఏళ్లు. డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ అనే నల్లజాతి అధ్యాపకుడు, అట్లాంటా విశ్వవిద్యాలయం విద్యార్థులతో కలిసి సుమారు 60 చార్టులు చేత్తో గీసి, రంగులు వేసి అక్కడ పెట్టారు. తమవారి భూమి, ఆస్తి, చదువు, వృత్తులు వాటిలోని విషయాలు. అంతవరకు ఇతరులు లెక్కపెట్టిన జనం, తమ లెక్కను తామే గీసి ప్రపంచానికి చూపారు.

వాటిలో ఒక చార్టు 1890లో జార్జియా రాష్ట్రంలోని నల్లజాతి వారు ఎక్కడెక్కడ నివసిస్తున్నారో చెబుతుంది. పల్లెల్లో 7,34,952 మంది. ఒక తరహా చిన్న పట్టణాల్లో 8,025 మంది మాత్రమే. నిటారుగా గీస్తే పల్లెల గీత కాగితం దాటిపోతుంది, లేదా పట్టణాల గీత కనిపించకుండా పోతుంది. అందుకని పల్లెల గీతను పాము చుట్ట చుట్టుకున్నట్టు చుట్టి ఎర్రరంగు వేశారు. చిన్న గీత కనిపించే పొడవు దక్కించుకుంది, పెద్ద గీత ఎంత పెద్దదో చుట్టలే చెప్పాయి. చుట్టిన గీత పొడవును కంటితో అంచనా వేయడం కష్టం. అది వారు చెల్లించిన ధర. కానీ ఎవరినీ గోడ మీంచి చెరిపివేయలేదు.

మన తరగతి గోడ మీదా మార్గాలున్నాయి. వెయ్యిమందికి ఒక చింతగింజ చొప్పున అతికిద్దాం. లంబాడీలకు 2,078 గింజలు, తోటీలకు రెండు. రెండే అయినా అవి ఉన్నాయి, వేలుపెట్టి చూపించవచ్చు. లేదా ప్రశ్ననే మార్చుకోవచ్చు. ఎంతమంది ఉన్నారన్న ప్రశ్నకు చిన్న జాతి ఎప్పుడూ చిన్న జవాబే. ప్రతి వందమందిలో ఎందరు బడికి వెళ్తున్నారని అడిగితే, ప్రతి జాతికీ సమానమైన వంద గళ్ల చదరం వస్తుంది. అప్పుడు తోటీ పిల్లల బడి ఎంత కనబడుతుందో, లంబాడీ పిల్లల బడీ అంతే కనబడుతుంది. స్కేలు నిజం చెబితే సరిపోదు, ఏ ప్రశ్నకు జవాబుగా గీస్తున్నామో ఆ ప్రశ్న కూడా న్యాయంగా ఉండాలి.

అయితే చిన్నవారిని కనిపించేలా చేయడం ఎప్పుడూ మేలేనా? దీనికి ఎదురుదిక్కున ఇంకో ప్రశ్న నిలబడి ఉంది. 2023 జూలై 1న జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. 40 ఏళ్లలోపు ఏడు కోట్ల మందికి, ముఖ్యంగా ఆదివాసీ ప్రాంతాల్లో, రక్తపరీక్షలు చేయడం దాని లక్ష్యం. తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ లక్షణం దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు రావడానికి 25 శాతం అవకాశం ఉంటుంది. కాబట్టి పరీక్ష అవసరం, ఎక్కడ ఎక్కువగా ఉందో చూపే పటమూ అవసరం. కానీ ఇరవై ఇళ్ల గూడెం పటం మీద ఒక ఎర్రచుక్క పెడితే, ఆ చుక్క ఎవరో ఊరంతటికీ తెలిసిపోతుంది. పెళ్లి సంబంధం వెతుక్కుంటున్న ఆడపిల్ల కావచ్చు ఆ చుక్క. నగరంలో చుక్క లెక్క, గూడెంలో చుక్క మనిషి.

ఏ చిన్నతనం వల్ల ఒక చార్టులో మనం మాయమవుతున్నామో, అదే చిన్నతనం వల్ల ఇంకో చార్టులో బట్టబయలవుతున్నాం. ఒకచోట చూపమని, ఇంకోచోట దాచమని న్యాయమే అడుగుతోంది. దీనికి గణితంలో సూత్రం లేదు. మనం పెట్టుకోగల కొలత ఒకటుంది: ఈ గుర్తు కనిపిస్తే లాభం ఎవరికి, నష్టం ఎవరికి? జాతిగా గుర్తింపు పొందవలసిన చోట ఇద్దరున్నా చూపాలి. ఒక మనిషి గుట్టు బయటపడే చోట గూడేలను కలిపి మండలం లెక్కగా చూపాలి. ఏది చూపాలో, ఏది కలపాలో గీసే ముందు ఆ గూడెం వారినే అడగాలి. వారు వద్దంటే, ఎంత అందమైన పటమైనా ఆగిపోవాలి.

ఈ విద్య నేర్వడానికి ముందే కంప్యూటర్ కావాలని లేదు. డుబోయిస్ విద్యార్థుల దగ్గర ఉన్నవి సిరా, రంగులు, స్కేలు. మన ఆశ్రమ పాఠశాలల్లో అవి ఉన్నాయి. ప్రతి ఇంటి నుంచి మంచినీటికి ఎన్ని అడుగులు నడుస్తున్నారో, బడి మానేసిన పిల్లలు ఏ తరగతిలో మానేశారో పిల్లలే లెక్కపెట్టి, పాత క్యాలెండర్ల వెనకవైపు గీయవచ్చు. గీసినదాన్ని ముందు ఆఫీసుకు కాదు, గ్రామసభకు తీసుకెళ్లాలి. చదువురాని పెద్దమ్మ ఆ బొమ్మ చూసి, "మా ఇల్లేదమ్మా ఇందులో?" అని అడిగితే, గీసిన పిల్ల ఆ చోటు చూపించగలగాలి. చూపించకూడని బొమ్మ అయితే, ఎందుకు చూపించలేదో ఆమెకు అర్థమయ్యేలా చెప్పగలగాలి.