దొంగ పక్షాన నిలబడితే శీలభంగమా?

ఒక ఆదివారం వందన ముగించుకుని బయటికి వచ్చేసరికి విహారం మెట్ల మీద ఒక తల్లి మా కోసం కూర్చుని ఉంది. ఆమె కొడుకు ఇళ్లకు రంగులు వేసే కూలీ. అతని మీద రెండు దొంగతనం కేసులు పెట్టి రిమాండుకు పంపారు. మేము ఆమెతో మాట్లాడుతుండగా, ఏళ్ల తరబడి మాతో కలిసి పంచశీల పఠిస్తున్న ఒక పెద్దాయన మమ్మల్ని పక్కకు పిలిచారు. "ఇవ్వనిది తీసుకోమని ఇప్పుడే కదా లోపల అందరం చెప్పుకున్నాం. బయటికొచ్చి దొంగకు వకీలును వెతుకుతామా?" అని అడిగారు.

ఆ ప్రశ్నను మేము తేలిగ్గా తీసుకోలేదు. దొంగలు పడేది ధనవంతుల ఇళ్లలోనే కాదు. కూలి డబ్బు కూడబెట్టి కొనుక్కున్న రెండు గాజులు పోయి ఏడ్చిన ఆడవాళ్లు మన పేటల్లోనే ఉన్నారు. వారి ముఖం చూసి జవాబు చెప్పగలగాలి.

జైలులో ఆ యువకుణ్ణి కలిశాం. అతను దాచలేదు. ఒక మధ్యాహ్నం పనికి వెళ్లిన చోట, పక్కింటి తలుపు తెరిచి ఉంటే లోపలికి వెళ్లి ఫోను, కొంత డబ్బు తీశానన్నాడు. రెండో కేసు వేరు. రెండు వీధుల అవతల ఎవరో రాత్రిపూట తాళం పగలగొట్టి బంగారం ఎత్తుకుపోయారు. "అది నేను కాదు సార్" అన్నాడు. ఒకటి చేసినవాడు రెండోదీ చేసే ఉంటాడన్నదే ఆ కేసుకు ఆధారం.

ఈ రెండు నేరాల మధ్య చట్టం పెద్ద తేడా పెట్టింది. భారతీయ న్యాయ సంహిత ప్రకారం నివాస గృహంలో దొంగతనానికి గరిష్ఠ శిక్ష 7 ఏళ్లు. దొంగతనం కోసం రాత్రివేళ తాళం పగలగొట్టి ఇంట్లో చొరబడితే 14 ఏళ్ల దాకా వేయవచ్చు. కాబట్టి తలుపు తెరిచి ఉందా, తాళం పగిలిందా, పగలా, రాత్రా అన్నవి వకీళ్ల మాటల గారడీ కాదు. ఒక మనిషి జీవితంలో ఏళ్ల లెక్క.

మన ధమ్మం కూడా దొంగతనాన్ని ఇంత జాగ్రత్తగానే తూచింది. అదిన్నాదానం పూర్తి కావాలంటే అయిదు అంగాలు ఉండాలని అట్ఠకథలు చెబుతాయి. వస్తువు ఇతరులది కావాలి, ఇతరులదని తెలిసి ఉండాలి, దొంగిలించాలన్న చిత్తం ఉండాలి, ప్రయత్నం జరగాలి, ఆ ప్రయత్నంతో వస్తువు చేతికి రావాలి. నేర చట్టం కూడా దురుద్దేశం ఉందా, సొంతదారు అనుమతి ఉందా అని అడుగుతుంది. తొందరపడి తీర్పు చెప్పేవాడు ధర్మంలో నిలిచినవాడు కాడని, మంచిచెడ్డలు రెండూ విచారించేవాడే పండితుడని ధమ్మపదంలోని ధమ్మట్ఠ వగ్గం బోధిస్తుంది.

విచారించకుండా పుట్టుకను బట్టి దొంగ అని ముద్ర వేసిన చరిత్ర మన దేశానికి ఉంది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన నేరస్థ జాతుల చట్టం కులాలకు కులాలనే నేరస్థులుగా లెక్కకట్టింది. మన స్టువర్టుపురం అలా ఎరుకల కుటుంబాల కోసం ఏర్పడిన సెటిల్‌మెంటే. 1952లో ఆ చట్టం రద్దయింది. కానీ ఎక్కడ తాళం పగిలినా ముందు ఆ ఊళ్ల వైపు, ఆ పేటల వైపు చూసే చూపు ఇంకా రద్దు కాలేదు. మనిషి పుట్టుకతో కాదు, చేసిన కర్మతోనే హీనుడవుతాడని తథాగతుడు చెప్పాడు. అలాంటప్పుడు ఆ కర్మ అతను చేశాడో లేదో తేల్చకుండా హీనుడనే హక్కు మనకెక్కడిది?

అరెస్టయిన మనిషికి కారణం చెప్పాలని, తనకు నచ్చిన వకీలును సంప్రదించుకోనివ్వాలని, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతోంది. 1949 సెప్టెంబరులో దీన్ని రాజ్యాంగ సభ ముందు పెట్టింది బాబాసాహెబే. నిర్బంధంలో ఉన్నవారికి, ఎస్సీ ఎస్టీలకు, స్త్రీలకు ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతోంది. ఆ తల్లికి ఇది తెలియదు. మేము చేసిందల్లా ఆమె చేత ఒక దరఖాస్తు పెట్టించడమే.

అయితే ఒక గీత మేమూ గీసుకున్నాం. దొంగ సాక్షిని తేవడం, ఆ రోజు ఊళ్లో లేడని కట్టుకథ చెప్పడం ముసావాదం. అందులో మేము లేము. నేరాన్ని రుజువు చేయమని ప్రభుత్వాన్ని అడగడం అబద్ధం కాదు. పోలీసుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. ఆ మాటల వల్ల ఏదైనా వస్తువు దొరికితే, దానికి సంబంధించినంత వరకే చెల్లుతుంది. ఇతని దగ్గర దొరికింది ఫోను ఒక్కటే. బంగారం గురించి చూపడానికి ఏమీ లేదు.

మొదటి కేసులో నేరం ఒప్పుకుని శిక్ష అనుభవించాడు. రెండోది కొట్టేశారు. బంగారం పోయిన ఇంటివారికి అన్యాయం జరగలేదా అని పెద్దాయన మళ్లీ అడిగారు. వారికి బంగారం దొరకలేదన్నది నిజమే. కానీ చేయనివాడిని జైల్లో పెడితే మాత్రం అది దొరుకుతుందా? అసలు దొంగను వెతకడం అక్కడితో ఆగిపోతుంది.

మాకు అర్థమైంది ఇదే. ఇవ్వనిది తీసుకోకూడదన్న శీలం ఇంట్లో చొరబడినవాడికే కాదు, శిక్ష వేసే సమాజానికీ వర్తిస్తుంది. రుజువు కాని నేరానికి ఒక మనిషి నుంచి గుంజుకున్న ఏళ్లు కూడా ఇవ్వనిది తీసుకోవడమే. పైగా సొమ్మును తిరిగి ఇవ్వవచ్చు, ఏళ్లను ఇవ్వలేం.

ఆ యువకుడు విడుదలయ్యాక, అతను తీసిన డబ్బు సంగతి ఎత్తింది ఆ పెద్దాయనే. "శిక్ష అయిపోయింది సరే, వాళ్ల డబ్బు వాళ్లకు చేరాలి కదా నాయనా" అన్నారు. ఇప్పుడు అతను కూలి అందినప్పుడల్లా కొంత తెచ్చి ఆయన చేతికిస్తున్నాడు. ఆయన దాన్ని ఆ ఇంటికి తీసుకెళ్లి ఇచ్చి వస్తున్నారు.