సర్వభూతాల దారి

దారి కోసం నేల వదలడం దానమేనా? ఈ ప్రశ్న పురాణ కాలక్షేపంలో పుట్టలేదు. గుంటూరు జిల్లా పొలాల్లో గొలుసు లాగిస్తూ నేను తిరిగిన సర్వేయరు ఉద్యోగంలో పుట్టింది. గ్రామ నక్షాలో రెండు గీతల మధ్య డొంక స్పష్టంగా ఉంటుంది. చేలోకి దిగి చూస్తే అక్కడ పత్తి ఉంటుంది. ఇటువాళ్లూ అటువాళ్లూ ఏటా ఒక్కో చాలు లోపలికి దున్నుకుంటూ వస్తారు. రెండు బళ్లు తప్పుకునే డొంక కొన్నేళ్లకు గట్టవుతుంది, గట్టు కాస్తా గెనెమవుతుంది. ఎవరినడిగినా ‘మా తాతలనాటి నుంచీ ఇంతేనండీ’ అంటారు. అబద్ధం చెబుతున్నామని కూడా వాళ్లకు తోచదు. ఒకడి సొత్తు దోచుకుంటే దొంగతనమని తెలుస్తుంది. అందరిదీ తీసుకుంటే అలా తెలియదు.

ఇప్పుడు నార్త్ కరోలినాలో, కేరీ ఊళ్లో, మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఇక్కడి వేక్ కౌంటీ వాళ్లు ఎదురు పని చేస్తున్నారు. డొంకలు లేని చోట కొత్తగా గీస్తున్నారు. కార్లు రాని దారులవి, నడిచేవాళ్లకు, సైకిళ్లకు, పిల్లల బళ్లకు. గ్రీన్‌వేలంటారు. వాగుల వెంట, మురుగు గొట్టాలు పాతిన పట్టీల మీద, మూసేసిన రైలు కట్టల మీద పోతాయి. కౌంటీలో 12 ఊళ్లున్నాయి. ఏ ఊరికి ఆ ఊరు ముక్కలు ముక్కలుగా వేసుకుంటే, వాటిని కలపడానికి 2017లో కౌంటీ మొత్తానికి ఒక ప్రణాళిక రాసుకున్నారు. ఆ నక్షా చూస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి. వేసిన దారి ఒక రంగు, వేయవలసింది ఒక రంగు. మధ్యలో ఖాళీలు. ఆ ఖాళీల్లోనే ఉంది కథంతా, ఎందుకంటే ప్రతి ఖాళీ దగ్గరా ఎవరిదో నేల ఉంటుంది.

దీనికి యాభై ఏళ్ల చరిత్ర ఉంది. 1972లో విలియం ఫ్లోర్నాయ్ అనే విద్యార్థి మా పక్కనే ఉన్న రాలీ నగర పాలకులకు ఒక నివేదిక రాసిచ్చాడు. వాగుల పక్క వరద నేలను ఇళ్లకు ఇవ్వకండి, నీటికీ మనుషుల నడకకూ వదలండి అని దాని సారం. మరుసటి ఏడాదే ఆ ఊళ్లోని క్రాబ్‌ట్రీ క్రీక్ పొంగింది. ఇప్పుడు ఆ ఒక్క నగరంలోనే వంద మైళ్లకు పైగా ఇలాంటి దారులున్నాయి. న్యూస్ నది వెంట పోయేదే 27.5 మైళ్లు. కేరీకి పడమట అమెరికన్ టొబాకో ట్రెయిల్ అని ఇంకొకటి, మూడు కౌంటీల మీదుగా 22 మైళ్లు పోతుంది. ఒకప్పుడు డర్హం కంపెనీకి పొగాకు మోసిన రైలు కట్ట అది. పొగాకు బ్యారన్ల పక్కన పెరిగిన గుంటూరు వాణ్ణి కాబట్టి, దాని మీద నడుస్తుంటే ఎవరో బంధువుల ఊరికి వచ్చినట్టే ఉంటుంది.

మా అమ్మాయి వాళ్ల కాలనీ వెనక ఒక వాగుంది. దాని గట్టున కాలనీ ఉమ్మడి నేల సన్నటి పట్టీగా ఉంది. దాని మీద దారి హక్కు రాసిస్తే అటున్న దారి ముక్కా ఇటున్న దారి ముక్కా కలుస్తాయి. ఇళ్లవాళ్లు రెండు వర్గాలయ్యారు. పెరటి వెనక ఎవరెవరో తిరుగుతారని కొందరి భయం. అది పిచ్చి భయమని నేననను. పసిపిల్లలున్న ఇళ్లవి. మా అల్లుడు మాత్రం ఇంకో మాట అడిగాడు: ‘మామయ్యగారూ, కౌంటీ డబ్బిస్తే అది అమ్మకం. లేఅవుట్‌కు అనుమతి కావాలంటే దారి వదలాల్సిందేనంటే అది బలవంతం. ఇందులో పుణ్యమెక్కడుంది?’

మంచి ప్రశ్న. దానం కాదని నేనూ ఒప్పుకున్నాను. దానానికి పుచ్చుకునేవాడు ఒకడుండాలి. నీళ్లు ధారపోస్తే ఇచ్చినవాడి స్వత్వం పోయి పుచ్చుకున్నవాడికి వస్తుంది. కానీ మన ధర్మశాస్త్రాల్లో దానం పక్కనే ఉత్సర్గం అని మరొకటుంది. చెరువు తవ్వించినవాడు దాన్ని ఎవరికీ ఇవ్వడు, వదిలేస్తాడు. ఆవును ఆ నీళ్లలో దింపి, దాని తోక పట్టుకుని తానూ వెంట దాటి, ఈ నీరు సర్వభూతాలకూ అని సంకల్పం చెబుతాడు. అప్పుడు వ్యాఖ్యాతలకు ఒక సందేహం వచ్చింది: వదిలేశాక ఆ నీళ్లు తాను తాగవచ్చా? తాగవచ్చన్నారు. సర్వభూతాల్లో తానూ ఒకడు గనక. యజమానిగా పోగొట్టుకున్నది అందరిలో ఒకడిగా తిరిగి దొరుకుతుందన్నమాట. ఇంత న్యాయమైన ఆలోచన మరే ఆస్తి చట్టంలోనూ నాకు కనిపించలేదు. దీన్నిబట్టి చూస్తే పుణ్యం ఇచ్చినవాడి మనసు ఎంత మెత్తబడిందన్న దాన్నిబట్టి రాదు. పట్టు పూర్తిగా వదిలాడా లేదా అన్నదే లెక్క. డబ్బు ముట్టినా, చట్టం అడిగినా, వదలడం వదలడమే.

అందరి కోసం చేసిన పనుల మాట మన రాళ్ల మీదా ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. దారుల వెంట మనుషులకూ పశువులకూ బావులు తవ్వించాను, చెట్లు నాటించాను అని వాటిలో ఒకటి చెబుతుంది. ఆ చక్రవర్తే తర్వాతి కాలంలో చెక్కించిన ఒక స్తంభ శాసనంలో ఇంకో మాట కూడా అన్నాడు. ఇలాంటి సుఖాలు పూర్వపు రాజులూ కల్పించారు, ఇవి చిన్నవి, జనం ధర్మం పాటించాలనే నేనివి చేశాను అని. నీడ ఇస్తే జనం ధర్మంలో నడుస్తారా? ఆయన నమ్మాడు. నేను సగమే నమ్ముతాను.

ఎందుకంటే సర్వభూతాలకూ అని సంకల్పం చెప్పిన నేల మీదే కొందరు మనుషుల్ని చెరువు తాకనివ్వలేదు. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం ఊరి చుట్టూ నూరు ధనువుల నేల పశువుల మేతకు వదలమంటుంది. పదో అధ్యాయం కొందరు మనుషుల్ని ఊరి బయటే ఉండమంటుంది. 1924లో వైకంలో సత్యాగ్రహం జరిగింది గుళ్లోకి వెళ్లడానికి కాదు, గుడి చుట్టూ ఉన్న వీధుల్లో నడవడానికి. సార్వజనిక చెరువులు అందరివీ అని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానించింది. అయినా 1927లో అంబేడ్కర్ మహాడ్‌కు జనంతో వెళ్లి అక్కడి చెరువు నీళ్లు తాగి చూపించాల్సి వచ్చింది. ఆవు దాటిన నీళ్లు మనిషి తాకితే మైలపడ్డాయన్నారు. దీన్ని దాటేసి ఉత్సర్గాన్ని పొగడటం నాకు చేతకాదు.

ఇక్కడా ఇలాంటి మచ్చే ఉంది. కేరీ పక్కనున్న అమ్‌స్టెడ్ పార్కు ఒకప్పుడు రెండు పార్కులు. 1950లో నల్లవాళ్ల కోసం రీడీ క్రీక్ అని వేరే పార్కు పెట్టారు. అడవి ఒకటే, వాకిళ్లు రెండు. 1966లో గానీ కలపలేదు. రాలీ ఆగ్నేయ భాగంలో వాల్‌నట్ క్రీక్ పక్కన రోచెస్టర్ హైట్స్ అని నల్లవాళ్ల కాలనీ, వరద వచ్చే పల్లంలో కట్టింది. ఆ వాగులో ఏళ్ల తరబడి చెత్త పడేశారు. అక్కడి సెయింట్ ఆంబ్రోస్ చర్చివాళ్లు పూనుకుని ఆ చెత్త ఎత్తించారు, ఊరివాళ్లను వెంటబెట్టుకుని పోరాడారు. ఇప్పుడది చిత్తడినేల పార్కు, గ్రీన్‌వే దాని మీదుగా పోతుంది. ఆ చర్చి చేసినదాన్ని నేను పూర్తధర్మం, అంటే అందరి మేలు కోసం చేసే ధర్మకార్యం, అనే అంటాను. బావులూ తోపులూ సత్రాలతో పాటు దానికీ చోటుంది. అందుకే కౌంటీ నక్షా ముందు కూర్చున్నప్పుడు నేను మైళ్లు లెక్కపెట్టను. ఏ ఖాళీని ముందు పూడుస్తున్నారో చూస్తాను.

మా కాలనీలో ఇప్పుడు ఒక మధ్యేమార్గం అంటున్నారు. దారి మనమే వేసుకుందాం, రెండు చివరలా గేటు పెడదాం, కోడ్ మన ఇళ్లవాళ్లకే ఇద్దాం అని. ‘ఇది బాగానే ఉంది కదా నాన్నా, నడకా దొరుకుతుంది, భయమూ ఉండదు’ అంది మా అమ్మాయి. బాగానే ఉంటుందమ్మా, కానీ అది పెరడే అన్నాను. పెరడు పెంచుకోవడంలో తప్పు లేదు. దాన్ని ఊరికి చేసిన మేలని చెప్పుకోకూడదు, అంతే.

నాకు అక్కడ ఓటు లేదు. నా మాటలు అమ్మాయి చేత ఇంగ్లీషులో రాయించి సమావేశానికి పంపాను. ఇళ్ల వైపు కంచె ఎంత ఎత్తైనా కట్టుకోండి, ఖర్చు కౌంటీని అడగండి. దారిని గట్టు చివరికి జరపండి, కిటికీలకు దూరమవుతుంది. హద్దు రాళ్లు ఇప్పుడే పాతించి, కొలతలు దస్తావేజులో రాయించండి, రేపు ఏ వైపు వాళ్లూ లోపలికి రాకుండా. చివరల్లో మాత్రం గేటు వద్దు.