కర్మ ఎవరిది? మిజోరంలో ఊపిరితిత్తుల క్యాన్సర్

ఈశాన్య కొండల్లోని మిజోరం జనాభా 2011 లెక్కల ప్రకారం 10 లక్షల 97 వేలు. జాతీయ క్యాన్సర్ నమోదు కార్యక్రమం 2020లో వెలువరించిన నివేదికలో మగవాళ్లకు వచ్చే అన్ని రకాల క్యాన్సర్లూ కలిపి చూస్తే, ఆ రాష్ట్ర రాజధాని ఉన్న ఐజ్వాల్ జిల్లాదే దేశంలో మొదటి స్థానం. వయసు తేడాలు సవరించి లెక్కగడితే ఏడాదికి లక్షకు 269 మంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ విషయంలో మరో సంగతి ఆలోచింపజేస్తుంది. దేశంలో చాలాచోట్ల ఆ జబ్బు ఆడవాళ్లకంటే మగవాళ్లకు బాగా ఎక్కువగా వస్తుంది. ఆ నివేదికలో ఐజ్వాల్‌లో మాత్రం ఇద్దరి లెక్కా ఇంచుమించు ఒకటే, లక్షకు 38 దాకా. ఆడవాళ్లలో అంత ఎక్కువగా రావడం దేశంలో ఇంకెక్కడా లేదు.

ఇలాంటి లెక్క చదివినవాళ్ల నోట వెంటనే వచ్చే మాట ఒకటి తెలుగులోనూ ఉంది: చేసుకున్నవారికి చేసుకున్నంత. పొగ తాగారు, జబ్బు వచ్చింది. కార్యకారణం తేలిపోయినట్టే ఉంటుంది. కానీ ఆ సామెత ఒక మనిషిని ఉద్దేశించి పుట్టింది. లెక్క చెబుతున్నది ఒక రాష్ట్రం గురించి. మనిషికి సరిపోయే జవాబు రాష్ట్రానికి సరిపోతుందా అన్నదే ఇక్కడ తేలవలసిన విషయం.

మిజోరంలో పొగాకు దురలవాటుగా కాక మర్యాదగా ఇళ్లలోకి వచ్చింది. 2016-17లో జరిగిన జాతీయ పొగాకు సర్వేలో అక్కడి పెద్దల్లో 58.7 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది. దేశం మొత్తం మీద అది 28.6 శాతమే. ఆకులో చుట్టిన పొగచుట్టలు ఆడా మగా ఇద్దరూ తాగుతారు. వీటికి తోడు ‘తుయిబుర్’ అనే ద్రవం ఒకటి ఉంది. పొగాకు పొగను నీళ్లలోంచి పోనిచ్చి, ఆ నీళ్లు ఘాటెక్కాక కొద్దిగా నోట్లో పోసుకుని, కాసేపు ఉంచుకుని ఉమ్మేస్తారు. పూర్వం నీటిగొట్టంతో పొగ పీల్చేది ఆడవాళ్లు. అందులో మిగిలిన నీళ్లను చిన్న బుర్రలో దాచి, ఇంటికి వచ్చినవాళ్లకు ఇచ్చేవారు. మనకు మజ్జిగ, తాంబూలం ఎలాగో అక్కడ అది అలాగ. ఇంట్లో పొయ్యి దగ్గర కట్టెల పొగ వేరే. ఇంటి లోపలి కట్టెపొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో చేర్చింది.

మిజోలకు రోగకారణం గురించిన ఆలోచన కొత్తదేమీ కాదు. క్రైస్తవం రాకముందు జబ్బు ‘హువాయి’ అనే దుష్టశక్తుల వల్ల వస్తుందని నమ్మేవారు. బావ్ల్‌పు అనే పూజారి జంతుబలి ఇచ్చి వాటిని శాంతింపజేసేవాడు. 1894లో మిషనరీలు వచ్చాక కొద్ది దశాబ్దాల్లోనే ఆ సమాజం దాదాపుగా క్రైస్తవమైంది. హువాయి స్థానంలోకి పాపం వచ్చింది. ఆసుపత్రులు వచ్చాక పాపం పక్కన అలవాటు చేరింది. పైకి చూస్తే ఇది మూఢత్వం నుంచి జ్ఞానానికి నడక. నిజంగానే చాలా వరకు అంతే. అయితే ఆ దారిలో మరొకటి కూడా జరిగింది. హువాయి ఉన్నప్పుడు తప్పు రోగిది కాదు, బయటిది. పాపం, అలవాటు వచ్చాక తప్పు రోగి లోపలికి వచ్చి కూర్చుంది. మంచం మీద ఉన్నవాణ్ని చూడడానికి వచ్చినవాళ్లు ‘పొగ తాగేవాడివా?’ అని అడిగే ప్రశ్నలో సగం పరామర్శ, సగం విచారణ.

రోగాన్నంతా చేసిన కర్మలోకి తోసెయ్యడాన్ని భారతీయ ఆలోచనా సంప్రదాయాలే ఒప్పుకోలేదు. సంయుత్త నికాయంలో మోళియ సీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ని ఇదే అడుగుతాడు: మనిషి అనుభవించేదంతా పూర్వకర్మ ఫలమేనా? బుద్ధుడు ఒప్పుకోడు. పిత్తం, శ్లేష్మం, వాతం, అవి మూడూ కలవడం, రుతువు మారడం, అజాగ్రత్త, పైనుంచి పడే దెబ్బ అని ఏడు కారణాలు చెప్పి, ఎనిమిదోదిగా మాత్రమే కర్మను లెక్కపెడతాడు. పాత గ్రంథాల్లో ఇంత వైద్యుడి చూపు ఉన్న సంభాషణలు అరుదు.

ఈ ప్రశ్నకు మరింత దగ్గరగా వచ్చింది చరకసంహిత. విమానస్థానం మూడో అధ్యాయం జనపదోద్ధ్వంసం గురించి, అంటే ఒక ప్రాంతం ప్రాంతమే రోగంతో నాశనం కావడం గురించి. పాంచాల దేశపు కాంపిల్యంలో, గంగ ఒడ్డున గురువు ఆత్రేయుణ్ని శిష్యుడు అగ్నివేశుడు అడుగుతాడు. మనుషుల ప్రకృతులు వేరు, తిండి వేరు, బలం వేరు, వయసు వేరు. మరి ఒకే రోగంతో అందరూ ఒకేసారి ఎందుకు పోతున్నారు? వేర్వేరు మనుషులకు ఉమ్మడిగా ఉన్నవి నాలుగున్నాయని ఆత్రేయుడి జవాబు: గాలి, నీరు, నేల, కాలం. అవి చెడితే అందరూ చెడతారు. అవి ఎందుకు చెడతాయంటే అధర్మం వల్ల, దాని వెనకున్న ప్రజ్ఞాపరాధం వల్ల. తెలిసీ తప్పుగా నడుచుకోవడం ప్రజ్ఞాపరాధం. ఆ అధర్మాన్ని ఆయన రోగుల ఖాతాలో రాయలేదన్నది గమనించాలి. దేశాన్నీ నగరాన్నీ ఏలేవాళ్లు ధర్మం తప్పితే అది కింది అధికారులకు, జనానికి పాకుతుందని చెప్పాడు. కర్మ ఉంది, కానీ అది ఉమ్మడి కర్మ. అందులో పెద్దల వాటా పెద్దది.

1985లో బ్రిటిష్ వైద్యుడు జెఫ్రీ రోజ్ ఇదే తేడాను ఆధునిక గణాంకాల భాషలో చెప్పాడు. ‘ఈ మనిషికి ఈ జబ్బు ఎందుకు వచ్చింది’ ఒక ప్రశ్న, ‘ఈ జనంలో ఈ జబ్బు ఇంత ఎక్కువగా ఎందుకుంది’ ఇంకో ప్రశ్న. ఊళ్లో అందరూ పొగ తాగేవాళ్లే అయితే, వాళ్లలో ఎవరికి జబ్బు వస్తుందో పొగ చెప్పలేదు. అప్పుడు తేడా అంతా శరీర తత్వంలోనే కనిపిస్తుంది. అసలు కారణం అందరిలో ఉండడం వల్లనే కనబడకుండా పోతుంది. పక్క ఊరితో పోల్చినప్పుడు గాని అది బయటపడదు. మిజోరం లెక్క ముఖ్యమైనది అందుకే. ఐజ్వాల్‌లో ఒక ఇంటిని మరో ఇంటితో పోలిస్తే దొరకనిది, ఐజ్వాల్‌ను మిగతా దేశంతో పోలిస్తే దొరుకుతుంది.

తెలుగువాళ్లకు ఇలాంటిది కొత్త కాదు. శ్రీకాకుళం, విశాఖ తీరపు పల్లెల్లో చుట్ట నిప్పున్న కొనను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు ఆడవాళ్లలోనే ఎక్కువ. దానివల్ల అంగిలికి వచ్చే క్యాన్సర్‌ను వైద్యులు దశాబ్దాలుగా అక్కడ గుర్తిస్తూ వచ్చారు. తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి వచ్చిన అలవాటును ఒక ముసలమ్మ సొంత తప్పుగా లెక్కగట్టడం ఎంత అన్యాయమో ఆ ఊళ్లు చూసినవాళ్లకు తెలుస్తుంది.

మళ్లీ మిజోరానికి వస్తే, క్యాన్సర్ నివేదిక లెక్కలు తీసుకున్న 2012-16 మధ్య అరవై దాటిన మిజో మగవాళ్లు యువకులుగా ఉన్నది 1966 తర్వాతి మిజో సాయుధ తిరుగుబాటు రోజుల్లో. కర్ఫ్యూల కింద, పాత ఊళ్లు ఖాళీ చేయించి కట్టిన గుంపు గ్రామాల్లో వాళ్ల వయసు గడిచింది. అలవాట్లు కుదురుకునే ఏళ్లవి. ఎక్కడ పుట్టాలో, ఏ ఏళ్లలో ఎదగాలో ఎవరూ ఎంచుకోరు. తత్వవేత్తలు బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ 1976లో ‘నైతిక అదృష్టం’ అన్న పేరుతో చర్చకు తెచ్చింది ఈ చిక్కునే.

అయితే ఉమ్మడి కారణం అనగానే మనిషి పాత్ర సున్నా అయిపోదు. బ్రిటన్‌లో 2000లో వెలువడిన అధ్యయనం ప్రకారం, సిగరెట్లు మానకుండా తాగే మగవాళ్లు 75 ఏళ్లలోపు ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయే అవకాశం దాదాపు 16 శాతం. యాభై ఏళ్లకు మానేస్తే అది 6 శాతానికి, ముప్పైకే మానేస్తే 2 శాతానికి తగ్గుతుంది. ఈ అంకెలు రెండు వైపులా మాట్లాడతాయి. మానకుండా తాగినా ఎక్కువమందికి ఈ జబ్బు రాదు కాబట్టి, వచ్చినవాణ్ని వేలెత్తి చూపడం చాలావరకు అతని దురదృష్టాన్ని శిక్షించడమే. మానితే ఫలితం ఇంత స్పష్టంగా ఉంది కాబట్టి, అంతా విధి అని చేతులు ముడుచుకోవడమూ తప్పే. చరకుడు కూడా దైవాన్నీ పురుషకారాన్నీ రెండింటినీ ఉంచి, ఏది బలమైనదైతే అది రెండోదాన్ని అణుస్తుందన్నాడు.

మిజోరం తన మతంలోనే ఈ రెండు చూపులనూ పక్కపక్కన చదువుకుంటుంది. గలతీయులకు పౌలు రాసిన లేఖ ఆరో అధ్యాయం రెండో వచనం ఒకరి బరువులు ఒకరు మోయమంటుంది. మూడు వచనాలు దాటగానే ఎవరి బరువు వాళ్లే మోయాలంటుంది. మూలభాషలో ఈ రెండుచోట్లా మాటలు వేరు. మొదటిది ‘బారోస్’, నడుం వంచే భారం. రెండోది ‘ఫోర్తియోన్’, ఎవరి మూట వాళ్లు మోసుకునేంత బరువు. పొగ మానడం మూటలాంటిది. ఒక జిల్లాలో లక్షకు 38 మంది రోగులు మూట కాదు.

బరువు పంచుకోవడం ఆ సమాజానికి ఎవరూ నేర్పక్కర్లేదు. 1910 ప్రాంతం నుంచి మిజో ప్రెస్బిటేరియన్ ఇళ్లలో ఆడవాళ్లు పూటపూటా వండే బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి చర్చి కోసం పక్కన పెడుతున్నారు. దాన్ని ‘బుహ్‌ఫాయ్ థామ్’ అంటారు. 1935లో పుట్టిన యంగ్ మిజో అసోసియేషన్ కుర్రాళ్లు ఊళ్లో ఎవరు పోయినా గొయ్యి తవ్వుతారు, రాత్రుళ్లు ఆ ఇంట్లోనే ఉంటారు. తమకంటే ఎదుటివాడిని ముందుంచే ఆ గుణానికి వాళ్ల భాషలో ‘త్లామ్‌ఙైహ్నా’ అని పేరే ఉంది. మద్యం విషయంలో చర్చిలు పట్టుబట్టడంతో 1997లో నిషేధం అమల్లోకి వచ్చింది. మధ్యలో సడలినా 2019లో మళ్లీ వచ్చింది. తాగుబోతు ఒక్కడి పాపంగా వదిలేయకుండా, మద్యాన్ని రాష్ట్రం పరిష్కరించుకోవలసిన సమస్యగా చూసిన సమాజం అది. పొగాకుకు మాత్రం చాలాకాలం అలాంటి దోషం అంటలేదు. అతిథి చేతికి ప్రేమగా అందించేదాన్ని కీడుగా చూడడం ఎవరికైనా కష్టమే.