మారే దేహం, నిలవని కొలత

బ్రా సైజుకు రెండు కొలతలు కావాలి. రొమ్ముల కింద పక్కటెముకల చుట్టూ టేపు పెట్టి తీసేది మొదటిది. దాన్నిబట్టి బ్యాండ్ సైజు తేలుతుంది. రొమ్ములు నిండుగా ఉన్నచోట తీసేది రెండవది. రెండింటికీ తేడా ఒక అంగుళం ఉంటే ఎ, రెండు ఉంటే బి, మూడు ఉంటే సి అని కప్పును అక్షరంతో గుర్తిస్తారు. ఈ అక్షరాలు 1930ల్లో అమెరికాలో వాడుకలోకి వచ్చాయి. 1914లో మేరీ ఫెల్ప్స్ జేకబ్ పేటెంటు పొందిన బ్రాకు ఇలాంటి అక్షరాలేవీ లేవు. కప్పు అక్షరానికి విడిగా అర్థం లేదు: 34బి, 32సి కప్పుల పరిమాణం దాదాపు ఒకటే. అయినా చాలామంది స్త్రీలు పాతికేళ్ల వయసులో తెలిసిన సైజునే తమ సైజుగా జీవితాంతం మోస్తారు. అది సరిపోనప్పుడు తప్పు ఒంటిదే అనుకుంటారు. మారేదాన్ని మారనిదిగా పట్టుకోవడం వల్ల దుఃఖం పుడుతుందని మన దర్శనాలు ఏనాడో చెప్పాయి. ఆ మాటకు ఇంత దగ్గరి ఉదాహరణ మరొకటి దొరకడం కష్టం.

రొమ్ములో కండరం లేదు. పాలగ్రంథులు, కొవ్వు, వాటిని పట్టి ఉంచే సన్నని బంధనాలు ఉంటాయి. అందుకే హార్మోన్లలో, బరువులో వచ్చే ప్రతి మార్పూ అక్కడ కనిపిస్తుంది. నెలసరికి ముందు చాలామందికి రొమ్ములు బరువెక్కి నొప్పి పెడతాయి. గర్భం మొదటి నెలల్లోనే పెరుగుతాయి, పాలిచ్చే కాలంలో ఒకే రోజులో పూటకో తీరుగా ఉంటాయి. ముట్లుడిగాక గ్రంథులు తగ్గి, ఆ చోటును కొవ్వు ఆక్రమిస్తుంది.

భగవద్గీత రెండవ అధ్యాయంలో ఆత్మ దేహాన్ని విడవడాన్ని చినిగిన బట్ట వదిలి కొత్తది కట్టుకోవడంతో పోల్చారు. అంతకు కొంచెం ముందే, బాల్యం, యౌవనం, ముసలితనం ఈ ఒక్క దేహంలోనే వచ్చిపోతాయని, ధీరుడు అందుకు కలత చెందడని ఉంది. జనం నోట నానింది బట్టల శ్లోకం. ఇక్కడ అక్కరకొచ్చేది మాత్రం ముందున్నదే. బట్టల పోలికలో కట్టుకునేవాడు స్థిరం, మారేది బట్ట. స్త్రీ అనుభవంలో ఒళ్లు మారిపోతుంది, బీరువాలో బ్రా మాత్రం పాత సైజుతోనే ఉంటుంది. మరణం దాకా ఆగకుండా బతుకు నడుమే దేహం ఎన్నోసార్లు మారుతుందన్న ఎరుక ముందు శ్లోకంలో ఉంది. దాన్ని బాలింత ఒంటికి అన్వయించి చెప్పే ప్రవచనకారులు అరుదు. అది పెద్ద లోటు.

బౌద్ధ దార్శనికుడు నాగార్జునుడు మరో అడుగు ముందుకు వెళ్తాడు. శాతవాహన రాజుకు రాసినట్టు సంప్రదాయం చెప్పే రత్నావళిలో, పొడుగు ఉంటేనే పొట్టి ఉంటుందని, ఒకటి లేకుండా రెండోదానికి ఉనికి లేదని ఆయన చూపుతాడు. 34బి కూడా అలాంటిదే. ఒక ఒళ్లు, ఒక బట్ట, ఒక టేపు, ఒక కంపెనీ కొలతల పట్టిక కలిసినప్పుడు అది పుడుతుంది. ఆ నాలుగింటిలో ఏది మారినా అదీ మారుతుంది. కంపెనీ మారితే ఒకే రోజు ఒకే మనిషికి వేరే సైజు సరిపోవచ్చు. బట్ట కూడా నిలకడైనది కాదు. ఎలాస్టిక్ వాడకంతో సాగుతుంది. అందుకే కొత్త బ్రాను అన్నిటికన్నా వదులైన హుక్కుతో సరిపోయేలా కొనాలి, సాగే కొద్దీ లోపలి హుక్కులకు మారాలి.

ఈ అనిత్యతను తెలుగు ఊళ్ల దర్జీలు చేతిపనిలోనే ఒప్పుకున్నారు. జాకెట్టు కుట్టించుకోవడానికి స్త్రీలు ఆది జాకెట్టు పట్టుకెళ్తారు. ఆ ఆది ఒకప్పటి ఒంటిది. దర్జీ దాన్ని తీసుకుంటూనే, ఇప్పటికి ఇది సరిపోతోందా, బిగుతైందా అని అడుగుతాడు. పక్కల లోపల కొంత గుడ్డ వదిలి, ఒకటికి రెండు కుట్లు వేస్తాడు. రేపు ఒళ్లు చేస్తే ఒక కుట్టు విప్పితే చాలు. రెడీమేడ్ బ్రాలో ఆ వెసులుబాటు వెనక హుక్కుల వరుసలకే పరిమితం. కప్పుకు అదీ లేదు.

అమెరికన్ తత్వవేత్త ఐరిస్ మారియన్ యంగ్ స్త్రీ వక్షానుభవం మీద రాసిన వ్యాసంలో ఇంకో చిక్కు చూపింది. బయటి చూపు రొమ్మును నిలకడైన ఆకారమున్న వస్తువుగా చూస్తుంది. స్త్రీ లోపలినుంచి ఎరిగిన రొమ్ము కదులుతుంది, ఒరుగుతుంది, మారుతుంది. ఆ కదలికను దాచి ఒకే ఆదర్శ రూపాన్ని నిలబెట్టే పని బ్రాకు అప్పగించారని ఆమె విమర్శ. విమర్శ బలమైనదే, కానీ బరువైన రొమ్ములతో రోజంతా నిలబడి పనిచేసే స్త్రీకి ఆసరా కూడా నిజమైన అవసరం. ఆసరాను, అచ్చును వేరుచేసి చూడాలి. ఆసరా ఎక్కువగా బ్యాండ్ నుంచి వస్తుంది. బ్యాండ్ వీపు మీద పైకి జరుగుతుంటే అది వదులు. పట్టీలు భుజాల్లో దిగబడుతుంటే బ్యాండ్ చేయాల్సిన పని వాటి మీద పడుతోందన్నమాట. కప్పు పైనుంచి ఒళ్లు పొంగితే కప్పు చిన్నది.

ఒంటి గురించి ఇంత ఆలోచన దేహాభిమానం కాదా అనే సందేహం వైరాగ్యాన్ని మెచ్చే సంప్రదాయాల్లో సహజంగా వస్తుంది. బౌద్ధంలోని కాయానుపశ్యన దీనికి జవాబు. అక్కడ సాధకుడు తన దేహాన్ని ఉన్నదున్నట్టు గమనిస్తాడు, ఇలా ఉండాలని కోరడు, ఉన్నందుకు అసహ్యించుకోడు. టేపును ఆ చూపుతో పట్టుకున్న స్త్రీకి వచ్చిన అంకె ఒక వార్త మాత్రమే. నిజానికి పాత సైజులోకి ఒంటిని కుక్కడమే దేహాభిమానం, అదీ ఇప్పుడు లేని దేహం మీద.

క్యాన్సర్ వల్ల ఒక రొమ్ము తీసేసినప్పుడు, మారిన దేహాన్ని ఎలా ఒప్పుకోవాలన్న ప్రశ్న అన్నిటికన్నా పదునెక్కుతుంది. అప్పుడు కొందరు సిలికాన్ రొమ్మును జేబున్న బ్రాలో అమర్చుకుంటారు. ఖాళీ అయిన వైపు బరువు ఉంటే తూకం కుదురుతుందని, చీర కట్టు నిలుస్తుందని వారి కారణాలు. కొందరు ఏమీ పెట్టుకోకుండా చదునుగా ఉండటాన్నే ఎంచుకుంటారు. రెండూ మారిన దేహాన్ని ఒప్పుకునే మార్గాలే. ఎంపిక ఆ దేహంలో బతికే మనిషిది, ఇంట్లోవాళ్లదీ దుకాణానిదీ కాదు. గాయం మానేదాకా గట్టి కుట్లు, తీగలు లేని మెత్తని బ్రా వాడి, వాపు తగ్గాక మళ్లీ కొలత తీసుకోవాలి.