రాయి తడవనిదే బ్లేడు పెట్టకు బిడ్డా

బిడ్డా,

కరీంనగర్‌లో గ్రానైట్ కోసే పనికి కుదిరావని మీ అమ్మ చెప్పింది. నీ కాళ్ళ మీద నువ్వు నిలబడ్డావు, చాలా సంతోషం. కానీ మొన్న పండక్కి పని బట్టలతోనే దిగావు చూడు, నీ కనురెప్పల వెంట్రుకల మీద తెల్లటి పొడి పేరుకొని ఉంది. అప్పటినుంచీ నాకు మనసు మనసులో లేదు. ఇన్నేళ్ళు ఊళ్ళో పిల్లలకు జీవశాస్త్రం చెప్పి, నీ ఊపిరితిత్తుల్లో ఏం జరుగుతుందో నీకు చెప్పకపోతే ఆ చదువు దేనికి? కాస్త ఓపికగా చదువు.

గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఉంటుంది, అంటే స్ఫటిక సిలికా. రాయిని పొడిగా కోస్తే అది ధూళిగా లేస్తుంది. పెద్ద రేణువులు ముక్కులో, గొంతులో ఆగి తుమ్ముతోనో కఫంతోనో బయటపడతాయి. ఐదు మైక్రాన్లకన్నా సన్నటివి, కంటికి ఆననివి, నేరుగా అడుగున ఉన్న గాలి గదుల్లోకి పోతాయి. మనిషికి అలాంటి గదులు సుమారు 48 కోట్లు. గాలికీ రక్తానికీ మధ్య వాటి గోడ చాలాచోట్ల ఒక మైక్రాన్ మందం కూడా ఉండదు.

ఆ గదులకు మ్యాక్రోఫేజ్ అనే కణాలు కాపలా కాస్తాయి. సూక్ష్మజీవి వస్తే మింగి అరిగించేస్తాయి. సిలికాను మాత్రం మింగగలవు, అరిగించుకోలేవు. రేణువు కణం లోపలి జీర్ణ సంచిని చీల్చేస్తుంది. పైగా అప్పుడే పగిలిన రాతి అంచుల మీద, తగిలినదాన్నల్లా దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ ఉంటాయి. అందుకే బ్లేడు దగ్గర లేచే తాజా ధూళి పాత ధూళికన్నా ప్రమాదం. దెబ్బతిన్న కణం కూడా ఫ్రీ రాడికల్స్‌ను ఇంకా పుట్టిస్తుంది. అవి కణం పొరను, ప్రొటీన్లను, డీఎన్ఏను పాడు చేస్తాయి. దీనికి విరుగుడు ఒంట్లోనే ఉంది. గాలి గదుల లోపలి తడి పొరలో గ్లూటాథయోన్ అనే పదార్థం రక్తరసంలోకన్నా వంద రెట్లకు పైగా ఉంటుంది. కానీ రోజూ ధూళి దిగుతుంటే ఆ నిల్వ తరిగిపోవచ్చు. పుట్టే ఫ్రీ రాడికల్స్ విరుగుడును మించిపోతే దాన్నే ఆక్సీకరణ ఒత్తిడి అంటారు.

కణం చావడం ఒంటికి కొత్త కాదు. కాలం తీరిన కణం తనను తాను చిన్న చిన్న మూటలు కట్టుకుంటే పక్క కణాలు తినేస్తాయి. దానికి 1972లో అపోప్టోసిస్ అని పేరు పెట్టారు. సిలికా మింగిన కణాలు తరచూ అలా కాక, పగిలి చస్తాయి. లోపలి ఎంజైములు చుట్టూ చిమ్ముతాయి, రేణువు మళ్ళీ బయటపడుతుంది. ఇంకో కణం వచ్చి మింగుతుంది, అదీ చస్తుంది. రేణువు మాత్రం కరగదు. ఈ చావులు జరిగినచోటల్లా గట్టి మచ్చ కడుతుంది. అదే సిలికోసిస్. పని మానేశాక కూడా అది ముదరవచ్చు. ఆ మచ్చను తీసే మందు లేదు. టీబీ కూడా తొందరగా పట్టుకుంటుంది. సిలికా ధూళి క్యాన్సర్ కారకమని 1997లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. వంటగది గట్లకు వాడే కృత్రిమ రాయిని కోసి పనివాళ్ళు ఈ జబ్బున పడుతున్నారని ఆస్ట్రేలియా ఆ రాయినే 2024 జులై 1 నుంచి నిషేధించింది.

అందుకని నా మాట విను. బ్లేడు మీద నీళ్ళు పడుతుంటేనే రాయిని ముట్టు. ధూళిని పుట్టినచోటే అణచాలి, లేచాక పట్టుకోలేం. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే సన్నటి ధూళి ఆగదు. ఎన్95 మాస్కు, ముక్కు దగ్గర సందు లేకుండా పెట్టుకో. పని అయ్యాక కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకోకు, అణిగిన ధూళిని నువ్వే మళ్ళీ లేపి పీల్చుకున్నట్టవుతుంది. నేలను ఊడవకు, కడుగు. పని బట్టలు ఇంటికి తేకు, పిల్లలు తిరిగే చోటు. బెల్లం తింటే ధూళి పోతుందని తోటివాళ్ళు చెబుతారు. బెల్లం పోయేది కడుపులోకి, ధూళి దిగేది ఊపిరితిత్తుల్లోకి. దాన్ని నమ్మి మాస్కు తీయకు. బీడీ జోలికి అసలే పోకు, దాని పొగ కూడా ఊపిరితిత్తులనే దెబ్బతీస్తుంది.

నీళ్ళూ మాస్కూ అడిగితే మేస్త్రీ ఏమంటాడోనని మొహమాటపడకు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే సిలికోసిస్ పేరు రాసి ఉండేది. ఆ జబ్బు కనబడితే డాక్టరు ప్రభుత్వానికి తెలియజేయాల్సిందే. నువ్వడిగేది దయ కాదు, నీకు రావలసినదే.

ఆయాసం మొదలయ్యేదాకా ఆగకు. ఈ నెలలోనే ఛాతీ ఎక్స్‌రే తీయించుకొని దాచిపెట్టు, ఏటా తీయించి దానితో పోల్చి చూపించుకో. ఖర్చు నేను పెట్టుకుంటాను. తీయించుకున్నాక నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దబాపు